రెండో చుక్క

పోయిన వారం మీరు నన్ను వదిలి వెళ్ళేసరికి నేను నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, చేతిలో టార్చిలైటుతో, నోరు తెరుచుకుని ఉన్నాను. ఇంకా అక్కడే ఉన్నాను. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి లేస్తాను.

నేను ఇంట్లో కూర్చుని నవలలు చదివి, రికార్డు చేసి పంపే మనిషిని. జనం వంట చేసుకుంటూనో, బస్సులో కిటికీ పక్కన కునుకు తీస్తూనో వినేవి ఉంటాయే, అవి. మా ఇంట్లో పాత పరుపులూ పెట్టెలూ పడేసే చిన్న గదిలో గోడలకు బొంతలు వేలాడదీసుకున్నాను. ఒక కుర్చీ, ఒక మైకు, ఒక కంప్యూటరు, ఆ రెంటికీ మధ్య టిఫిను డబ్బా అంత పెట్టె. మైకు పట్టుకునే గొంతు చీమంత ఉంటుంది. దాన్ని మనిషంత చేసేది ఆ పెట్టె. ఎంత పెంచాలో చెప్పేది దాని మీదున్న నాబు. దాన్నే గెయిన్ అంటారు.

ఈ మధ్య నేను పంపిన అధ్యాయాలు వరసగా వెనక్కి వచ్చాయి. నా గొంతు వెనక ఏదో బుస కొడుతోందట. కంపెనీలో మా రికార్డింగులు వినే ఆవిడకు నేను పెట్టుకున్న పేరు చెవులావిడ. ఆవిడ ఫోను చేసి అడిగేదాకా నాకు తెలియలేదు, నేను లేని వేళ ఎవరో నాబు పెంచేసి పోతున్నారని. నేనొచ్చి నోరు విప్పగానే, గొంతు మోతాదు మించిందని చెప్పే పెట్టె మీది ఎర్రలైటు వెలిగేది. ఆ వేళ నా గొంతే హుషారుగా ఉందనుకుని మైకును దూరం జరిపి చదివేశాను.

"ఎర్రలైటు వస్తే నాబు తగ్గించాలి గానీ మైకుని జరుపుతారటమ్మా ఎవరైనా?" అంది చెవులావిడ. ఫోను స్పీకరులో ఉంది కాబట్టి ఆ చీవాట్లు ఇంటిల్లిపాదీ విన్నారు. "నాబు పెంచితే నీ గొంతొక్కటే పెరగదు, ఇల్లంతా పెరుగుతుంది. ఫ్రిజ్జూ, ఫ్యానూ, వీధిలో స్కూటరూ అన్నీ నీ పక్కన కూర్చుని కథ చెప్తాయి. మైకు జానెడు దూరంలో పెట్టుకో. ఆ అధ్యాయంలో అన్నిటికంటే గట్టిగా పలికే వాక్యం ఏదో చూసుకుని, అది చదువుతూ నాబు తిప్పు. మెల్లగా పలికే వాక్యంతో పెట్టావా, తర్వాత అరిచినప్పుడు చస్తావు. పచ్చలైటు వెలగాలి, పసుపు అప్పుడప్పుడూ తొంగిచూడాలి, ఎరుపు జోలికి పోకూడదు. అక్కడ ఆపి ఇంక ముట్టుకోకు."

ఆఖర్న ఇంకో మాట అంది. పదకొండో అధ్యాయం ఇవాళ సాయంత్రంలోగా శుభ్రంగా రాకపోతే పుస్తకం వేరే గొంతుకు ఇచ్చేస్తారట.

అందుకే నాబు ఎక్కడ నిలవాలో గుర్తుగా, మా ఆడపడుచు గోళ్ళరంగుతో పెట్టె మీద ఒక ఎర్ర చుక్క పెట్టుకున్నాను. ఇవాళ పొద్దున్న టార్చి వేసి చూస్తే నా చుక్క నా చుక్కలాగే ఉంది. నాబును దాదాపు చివరిదాకా తిప్పితే ఎక్కడికి వస్తుందో అక్కడ, కొత్తగా, రెండో చుక్క. అదే ఎరుపు. అదీ సంగతి. ఇక లేస్తున్నాను, మోకాళ్ళు పట్టేశాయి.

చిలిపికి తిప్పేవాళ్ళు చుక్క పెట్టరు. రోజూ వచ్చే మనిషే తన చోటు గుర్తు పెట్టుకుంటుంది. ఆ మనిషి ఎవరో నాకు ముందే తెలుసు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈశ్వరుడికి ఆడపడుచు లేదు కాబట్టి అలా అన్నారేమో.

మా ఆడపడుచును ఇంట్లో చిట్టి అంటారు. ఆ గొంతుకు ఆ పేరు ఎవరు పెట్టారో! బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగిందో మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. మైకు చెడిపోయిన రోజున కూడా ప్రయాణికులెవరికీ బస్సు తప్పిపోలేదని చెప్పుకుంటారు. నాకంటే ముందు ఇదే కంపెనీకి తన గొంతు పంపింది. వాళ్ళు వద్దన్నారు. తర్వాత నేను పంపితే తీసుకున్నారు. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య మాటలు తూకం వేసినట్టుగానే సాగుతున్నాయి.

అయినా నేను అంత తేలిగ్గా అనుమానించే దాన్ని కాదు. మా అత్తగారే చెప్పింది. "సోమవారం పొద్దున చిట్టి నీ గదిలోంచి రావడం చూశానమ్మా. నేను చెప్పానని అనకు," అని. కన్నతల్లే చెబితే నమ్మక ఏం చేస్తాను? పైగా ఆవిడే బజారు నుంచి కొత్త తాళం కప్ప తెచ్చి నా చేతిలో పెట్టింది. "గదికి వేసేసుకో. ఎవరినీ రానివ్వకు, ఎవరినీ" అంది. మా ఆయనేమో, పరుపులుండే గదికి తాళమేంటని నవ్వేశాడు. ఆ తాళం ఇంకా కాగితంలోనే ఉంది, కిటికీ గట్టు మీద.

పొద్దున నేను పనిచేసే మందుల దుకాణానికి బయల్దేరే ముందు ఒక పని చేశాను. నాబు నా చుక్క దగ్గరే ఉంచి, రికార్డింగు మొదలుపెట్టి, కంప్యూటరు తెర ఆర్పేసి వెళ్ళాను. బోను పెట్టానన్నమాట. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి చిట్టి అన్నం తింటోంది. బుద్ధున్న మనిషయితే ముందు రికార్డింగు విని, తర్వాత పోట్లాడుతుంది. దొంగ ఎదురుగా కూర్చుని పెరుగన్నం కలుపుకుంటుంటే బుద్ధి నిలుస్తుందా?

"చిట్టీ, ఒక్కసారి ఇలా రా."

"తింటున్నా వదినా."

"తినే రా. తొందరేం లేదు."

తొందరేం లేదన్న నా గొంతులో ఏం వినబడిందో, వెంటనే చెయ్యి కడుక్కుని వచ్చింది. తలుపు దగ్గరగా వేసి, టార్చి పెట్టె మీద వేశాను.

"ఇదేంటి?"

"చుక్క."

"ఇది నాది. మరి ఇది?"

"నన్నడుగుతావేంటి? చుక్కల మీద పేర్లు రాసి ఉంటాయా?"

"రంగు నీది."

"సీసా నాదే. అద్దం ముందు బల్ల మీద ఉంటుంది. నువ్వు నన్నడిగే తీసుకున్నావా?"

అడగలేదు. ఆ మాట మింగేసి, "నేను నిన్ను అనలేదే! గుమ్మడికాయల దొంగంటే భుజాలెందుకు తడుముకుంటావ్?" అన్నాను.

"అనలేదా? వారం నుంచి అంటూనే ఉన్నావు. నోటితో కాదులే. నేనీ గది ముందు నుంచి నడిస్తే చాలు, నీ కళ్ళు నా వెనకే వస్తున్నాయి. మంచినీళ్ళు తాగడానికి వెళ్తున్నా అని చెప్పుకుని వెళ్ళాల్సొస్తోంది నా ఇంట్లో నేను." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపు కూడా ఆమెకు కోపంలాగే వస్తుంది, పెద్దగా. "నీ పుస్తకం పోతే నాకేం వస్తుంది వదినా? నన్ను ఎప్పుడో వద్దన్నారు. నువ్వు మానేసినంత మాత్రాన నన్ను పిలుస్తారా?"

"మరి ఎవరు తిప్పుతున్నారు? దయ్యమా?"

"ఏమో. నన్ను పరీక్ష పెట్టు. ఆ రెండో చుక్క దగ్గర పెట్టి నా గొంతు చూడు. నాదైతే సరిపోవాలి కదా."

ఆ మాట నాకు తట్టలేదు. నాబు పక్కన చుక్క పెట్టడమంటే ఒక గొంతుకు కొలత పెట్టడమే. చెప్పుల జతలాంటిది. ఎవరి పాదానికి వాళ్ళదే సరిపోతుంది.

మా అత్తగారు పక్క గదిలో బట్టలు కుడుతుంది. గోడ మరీ పల్చన. అందుకని మాకొక ఒప్పందం ఉంది. నేను గోడ మీద రెండుసార్లు తడితే ఆవిడ మిషను ఆపుతుంది. పనయ్యాక ఒకసారి తడితే మళ్ళీ మొదలుపెడుతుంది. ఆ ఒప్పందం ఆవిడ ఏనాడూ తప్పలేదు. నేను గదిలో ఉండగా తట్టకుండా ఆపనూ లేదు, ఆపాక తొందరపడనూ లేదు. రెండుసార్లు తట్టాను. టకటక ఆగింది.

చిట్టిని కుర్చీలో కూర్చోబెట్టి, నాబును రెండో చుక్క దాకా తిప్పి, హెడ్‌ఫోన్లు నేను పెట్టుకున్నాను. "కానివ్వు."

"ప్రయాణికులకు విజ్ఞప్తి..." అందో లేదో, ఎర్రలైటు గుడ్లురిమింది. నా చెవులు చిల్లులు పడ్డాయి. హెడ్‌ఫోన్లు పీకి ఒళ్ళో పడేశాను.

"మెల్లగా!"

"ఇదే నా మెల్ల."

"గుసగుసలాడు."

ఆమె మైకు మీదికి వంగి, "వదినా, నీకు పిచ్చి పట్టింది," అని గుసగుసగా అంది. దానికీ ఎరుపే.

ఆ చుక్క చిట్టిది కాదు. అయ్యే అవకాశమే లేదు. ఆ చోట నాబు పెట్టుకునే మనిషి గొంతు ఈమె గుసగుసలో సగం కూడా ఉండదు.

గోడను ఒకసారి తట్టాను. మిషను మళ్ళీ అందుకుంది. ఆ చప్పుడు చాటున మేమిద్దరం తలలు దగ్గరికి పెట్టి మాట్లాడుకున్నాం. పుట్టాక ఇంత మెల్లగా మాట్లాడటం చిట్టికి ఇదే మొదటిసారి అయి ఉంటుంది.

"అన్నయ్యంటావా?" అంది.

"మీ అన్నయ్యా? వర్క్‌షాపులో లేతు మిషను పక్క పనిచేసీ చేసీ, ఉప్పు అందివ్వమని అడిగినా వీధి చివర వాళ్ళు ఉప్పు తెచ్చిస్తారు."

"అమ్మ కూడా అంతే, మిషను మీద నుంచి అరవడం అలవాటు. ఇంకెవరున్నారు? నాన్న సంగతి ఎలాగూ..." అని ఆపేసింది.

మామగారి సంగతి ఎలాగూ లెక్కలోకి రాదు. ఆయన కూరగాయల మార్కెట్లో వేలం పాడేవారు. ఆ గొంతు వినే చిట్టి గొంతు ఎక్కణ్నుంచి వచ్చిందో జనం పోల్చుకునేవారు. పోయిన ఏడాది గొంతుకు ఆపరేషను అయింది. డాక్టరు గదిలోకి అత్తగారొక్కతే వెళ్ళింది. బయటికి వచ్చి, "ఇంక మాట రాదట. బలవంతాన మాట్లాడితే ప్రాణానికే ముప్పట. ఎవరూ ఆయన్ని పలకరించి విసిగించకండి," అని చెప్పింది. అప్పట్నుంచి ఆయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఏమైనా కావాలంటే చెంచాతో గ్లాసు మీద కొడతారు. నేను రికార్డు చేస్తున్నప్పుడు మాత్రం ఆ కుర్చీ నా గది గుమ్మం దగ్గరికి జరుగుతుంది. కళ్ళు మూసుకుని వింటారు.

"సరే, నేనే తిప్పుతున్నానని నీకెవరు చెప్పారు?" అంది చిట్టి ఉన్నట్టుండి.

చెప్పకూడదనుకున్నాను. కానీ అంత అన్యాయంగా అనుమానించాక మళ్ళీ ఒకటి దాచడం నా వల్ల కాలేదు. "మీ అమ్మగారే. సోమవారం పొద్దున చూశానన్నారు."

చిట్టి ముఖంలో కోపం రాలేదు. అందుకే నాకు భయం వేసింది.

"సోమవారాలు నాకు పొద్దుటి డ్యూటీ వదినా. చీకటితో వెళ్తాను. ఆ సంగతి అమ్మకి తెలీదా? డబ్బా కట్టిచ్చేదే ఆవిడ."

ఇద్దరం గోడ వైపు చూశాం. అవతల మిషను నిమ్మళంగా కుడుతోంది.

"ఎందుకలా చెప్పింది?" అంది. నన్నడిగినట్టు లేదు. ఎవరి మీద అరవాలో తెలియక, చిన్నపిల్లలా నా చెయ్యి పట్టుకుంది. "క్షమించు చిట్టీ," అన్నాను. ఆమె తల ఊపింది. డ్యూటీ వేళ అయిందని లేచి, వెళ్తూ వెళ్తూ తల్లి గది వైపు కాకుండా పెరటి దారిన వెళ్ళిపోయింది. తల్లికి చెప్పకుండా ఆమె గడప దాటడం నేను ఎన్నడూ చూడలేదు.

ఇక నేనూ, పదకొండో అధ్యాయమూ మిగిలాం. సాయంత్రం ఎంతో దూరంలో లేదు. ఈ పుస్తకం పోతే ఏమవుతుందో నాకు తెలుసు. పెళ్ళయిన దగ్గర్నుంచి నా గొంతు ఈ ఇంట్లో 'ఇంకొంచెం వడ్డించనా' అనడానికి, దుకాణంలో 'ఈ మాత్ర భోజనం తర్వాత' అనడానికి తప్ప దేనికీ పనికి రాలేదు. ఎక్కడో ఎవరో నా గొంతు కోసం ఎదురు చూస్తారన్న ఊహే నాకు బలం. దాన్ని పోగొట్టుకోలేను. అయినా పుస్తకం తెరవలేదు. కంప్యూటరు తెర వెలిగించి, పొద్దుటి నుంచి నడుస్తున్న రికార్డింగు ఆపి, దాన్నే మొదటి నుంచి పెట్టుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను.

మొదట ఉత్త గది. దూరంగా మిషను. చాలాసేపు అదే. తర్వాత మిషను ఆగింది. అత్తగారి చెప్పులు, వీధి తలుపు గడియ. కుట్టిన బట్టలు దుకాణంలో ఇచ్చి రావడానికి వెళ్ళి ఉంటుంది. ఆ తర్వాత నేల మీద ఈడ్చుకుంటూ నడిచే అడుగులు. ఇంకోచోట విన్నా పోల్చుకోగలను ఆ అడుగులు. నా కుర్చీ కిర్రుమంది. హెడ్‌ఫోన్లు కొక్కెం నుంచి తీసిన చప్పుడు. అంతలో గది అంతా ఒక్కసారి ఉబ్బినట్టయి, ఫ్రిజ్జు మూలుగు, గోడ గడియారం, ఎక్కడిదో కాకి నా చెవుల్లోకి వచ్చిపడ్డాయి. నాబు రెండో చుక్కకు తిరిగిందన్నమాట.

తర్వాత ఊపిరి. ఆ ఊపిరిలోంచి, చిరిగిన గుడ్డలోంచి గాలి పోయినట్టు, ఒక మాట.

"ఒకటోసారి..."

హెడ్‌ఫోన్లను చెవులకు అదిమి పట్టుకున్నాను.

"రెండోసారి..."

వేలం పాట. మార్కెట్టంతా వినబడేలా ఆయన పలికే మాటలు. అన్నిటికంటే గట్టిగా పలికే వాక్యంతో నాబు పెట్టాలని చెవులావిడ చెబితే నేను విన్నానో లేదో గానీ ఆయన విన్నారు. తన జీవితంలో అన్నిటికంటే గట్టి వాక్యం పెట్టి చూసుకుంటున్నారు. ఇప్పుడది చీమ నడిచినంత. ఆయనకు ఆయన వినబడాలంటే నాబు అంత దూరం తిప్పాలి. నా పని చెడుతోందని స్పీకరులో విన్నాక, వెళ్ళేటప్పుడు నాబును నా చుక్కకు తిప్పేసి, మళ్ళీ వచ్చినప్పుడు వెతుక్కోకుండా తన చుక్క ఒకటి పెట్టుకున్నారు. నేను దొంగ కోసం టార్చి వేసి వెతికింది ఈ మనిషినా? ఏడుపు ఆపుకోలేకపోయాను.

మూడోసారి అనలేదాయన. ఒక్కో మాటనూ బరువు మోసినట్టు మోస్తూ మొదలుపెట్టారు. నాకు ఎదురుగా నిలబడి చెప్పడానికి చేస్తున్న అభ్యాసమది.

"అమ్మాయ్... నా గొంతు పోలేదు." దగ్గు. మళ్ళీ మొదటి నుంచి. "అమ్మాయ్, నా గొంతు పోలేదు. మాట్లాడొద్దన్నది... డాక్టరు కాదు. మీ అత్తయ్య."

వీధి తలుపు గడియ చప్పుడయింది. "ఏమండీ, ఎక్కడున్నారు?" అని అత్తగారి గొంతు, ఎప్పటిలాగే తియ్యగా. కుర్చీ కిర్రుమంది. ఫ్రిజ్జూ గడియారమూ వెనక్కి తగ్గిపోయాయి. ఎంత కంగారులోనూ ఆయన నాబును నా చుక్కకు తిప్పి పెట్టి వెళ్ళారు.

రికార్డింగు వినడం ఆపేశాను. తెర మీద గీత కదలడం లేదు. చెవుల్లో మాత్రం మిషను కుడుతోంది. అది పొద్దుటిది కాదని అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. రికార్డింగు ఆపితే హెడ్‌ఫోన్లలోకి మళ్ళీ మైకే వస్తుంది. చిట్టి పరీక్ష అయ్యాక నాబు నేను తగ్గించలేదు. మైకు ఇప్పటికీ రెండో చుక్క దగ్గరే ఉంది. ఇంటినంతా తెచ్చి నా చెవుల్లో పోస్తోంది.

మాకొక జబ్బు ఉంటుంది, చదివేవాళ్ళకు. నమ్మలేని వాక్యం ఎదురైతే పైకి చదివి చూసుకుంటాం. హెడ్‌ఫోన్లు చెవులకుండగా మన గొంతు ఎంత పెద్దదో మనకు తెలియదు.

"మాట్లాడొద్దన్నది డాక్టరు కాదు," అన్నాను. "అత్తయ్య."

ఉత్త పెదవులే కదిపాననుకున్నాను. పెట్టె మీద ఎర్రలైటు భగ్గున వెలిగింది.

గోడ అవతల మిషను ఆగిపోయింది.

నేను గోడ తట్టలేదు.